కొత్త నానో కణాలు సరే, ఉన్న సీసా ఎందుకు దొరకలేదు?

కంటికి కనిపించనంత చిన్న రేణువులతో, అంటే నానో కణాలతో, మందులు, పరీక్షలు తయారుచేసే నానో వైద్యంలో పనిచేస్తున్న శాస్త్రవేత్తలకు, వాళ్ల ప్రాజెక్టులకు నిధులు మంజూరు చేసే డీఎస్టీ (కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ), డీబీటీ (బయోటెక్నాలజీ శాఖ), ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి), అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ అధికారులకు,

నమస్కారం.

నేను శాస్త్రవేత్తను కాను. కోస్తాలో ఒక పెద్దాసుపత్రి మందుల స్టోరులో ఫార్మసిస్టును. మీ ల్యాబుల్లో పుట్టిన ఊహ ఏ పదేళ్లకో ఇరవయ్యేళ్లకో సీసాలోకి చేరితే, దాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి, గడువు తేదీ చూసి, వార్డుకు పంపేది మా వాళ్లే. ఆ సీసా రానప్పుడు కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి 'స్టాకు లేదమ్మా' అని చెప్పేదీ మేమే. అక్కడి నుంచి చూస్తే మీ రంగం ఎలా కనిపిస్తుందో మీకు చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. ఓపిగ్గా చదవమని మనవి.

మీ సంస్థల ప్రకటనలు పేపర్లలో చూస్తుంటాను. ఒకచోట క్యాన్సర్ కణాన్ని మాత్రమే వెతికి చంపే బంగారు రేణువు. ఇంకోచోట ఒక్క రక్తపు చుక్కతో నాలుగు జబ్బులు చెప్పే సెన్సరు. ఏటా వస్తూనే ఉంటాయి, ఫొటోలో తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు నవ్వుతూ ఉంటారు. వాటిలో మా స్టోరు దాకా వచ్చినవేవని లెక్కపెడితే చేతివేళ్లు మిగిలిపోతాయి. వచ్చినవి కూడా చాలావరకు పాతవే. ఆ పాతవాటిలో ఒకదాని కథ ముందు చెబుతాను. నేను అడగబోయేదంతా అందులోనే ఉంది.

2021 మే నెల మీకూ గుర్తుండే ఉంటుంది. కోవిడ్ సెకండ్ వేవ్ ఇంకా తగ్గకముందే బ్లాక్ ఫంగస్ వచ్చిపడింది. షుగరున్నవాళ్లు, స్టెరాయిడ్లు ఎక్కువ వాడాల్సి వచ్చినవాళ్లు ముక్కు దిబ్బడతో, కన్ను వాపుతో, దవడ నొప్పితో వచ్చేవారు. మే 20న తెలంగాణ ప్రభుత్వం దీన్ని అంటువ్యాధుల చట్టం కింద ప్రతి ఆసుపత్రీ తప్పక తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్టీ ఆసుపత్రి, గాంధీ ఆసుపత్రి ఈ రోగులతో నిండిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని ఆరోగ్యశ్రీలో చేర్చారు. జూన్ నెలాఖరుకు దేశం మొత్తమ్మీద కేసులు 40 వేలు దాటాయి. కుళ్లిన భాగాన్ని సర్జరీ చేసి తీసేయాలి, ఆపైన మందు ఎక్కించాలి. ఆ మందు లైపోజోమల్ యాంఫోటెరిసిన్ బి.

లెక్క చూడండి. రోజుకు, మనిషి బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల సీసాలు ఆరు. మూడు నుంచి నాలుగు వారాల కోర్సుకు 126 నుంచి 168 సీసాలు, అదీ ఒక్క మనిషికి. సీసా ఖరీదు వేలల్లో. ఆ డబ్బు పెట్టగలిగినవాళ్లకూ దొరకలేదు, అది వేరే సంగతి. మేం పెట్టిన ఇండెంటుకీ (ఇన్ని సీసాలు కావాలని రాసి పంపే కాగితానికీ) వచ్చిన పెట్టెకీ పొంతన ఉండేది కాదు. ఉన్న కాసిన్ని సీసాలూ ఇవాళ ఎవరికి, రేపు ఎవరికి అని డాక్టర్లతో కూర్చుని పంచే పని మేమూ చేశాం. ఫార్మసీ కోర్సులో ఆ పాఠం లేదు, ఉండకూడదు కూడా.

ఈ మందు మీ రంగానిదే అని మీకు తెలుసు. ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం కాస్త చెబుతాను. యాంఫోటెరిసిన్ కొత్తదేం కాదు. 1950లలో వెనెజులాలో ఒరినోకో నది దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీశారు. ఫంగస్ కణం పొరలో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. ఈ మందు దాన్ని పట్టుకుని పొరకు చిల్లు పెడుతుంది. చిక్కెక్కడంటే, మన శరీర కణాల పొరలోని కొలెస్టెరాల్ కూడా దానికి కొంత అలాగే కనిపిస్తుంది. అందుకే మామూలు రూపంలో ఎక్కిస్తే రోగికి చలి, వణుకు, జ్వరం వస్తాయి, కొన్నాళ్లకు కిడ్నీలు దెబ్బతింటాయి. షుగరుతో అప్పటికే సగం అలసిపోయిన కిడ్నీలవి.

అదే మందును వంద నానోమీటర్ల కన్నా చిన్నదైన కొవ్వు బుడగ (దీన్నే లైపోజోమ్ అంటారు) పొరలో ఇమిడిస్తే అది దారిలో చెల్లాచెదురుగా ఊడిపోదు. ఫంగస్ గోడ దగ్గరకు వెళ్లి అతుక్కుని, అక్కడ దిగుతుంది. మందు అదే, ఎక్కిన బండి మారింది. కిడ్నీకి తగిలే దెబ్బ బాగా తగ్గుతుంది, కాబట్టి మోతాదు ఐదు రెట్ల దాకా పెంచి ఇవ్వగలుగుతాం. సీసాలో పసుపుపచ్చ పొడి ఉంటుంది. 12 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి అర నిమిషం గట్టిగా కుదపాలి, ఫిల్టరు గుండా తీయాలి, డెక్స్ట్రోజులోనే కలపాలి. ఉప్పునీటి సెలైన్ తగిలితే బుడగలు చెడిపోతాయి. ఆ మే నెలలో రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చిన నర్సులకు ఈ సెలైన్ సంగతి ఫోన్లలో ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ లైపోజోమ్ మందు మనకు చేతకానిది కాదు. ప్రొఫెసర్ బిమల్ కుమార్ బచావత్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఢిల్లీ యూనివర్సిటీ సౌత్ క్యాంపస్‌లో దీని మీద పనిచేశారు. ముంబై కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ నీలిమా క్షీరసాగర్ బృందం రోగుల మీద పరీక్షించింది. ఆ పరిజ్ఞానం ఒక భారతీయ కంపెనీకి చేరి 'ఫంగిసోమ్' పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 2021కి చాలా ఏళ్ల ముందే. ఎక్కించే ముందు దాన్ని సోనికేటరు అనే పరికరంలో పెట్టి కదిలించాల్సి రావడం ఒక ఇబ్బందే, కాదనను. అయినా ఒక సర్కారీ యూనివర్సిటీ ల్యాబు, ఒక సర్కారీ ఆసుపత్రి, ఒక చిన్న కంపెనీ కలిస్తే నానో మందు రోగి మంచం దాకా వస్తుందని అది రుజువు చేసింది. ఈ కథ మన ఫార్మసీ కాలేజీల్లో ఎంతమంది పిల్లలకు తెలుసు? విదేశీ బ్రాండు అంబిసోమ్ పేరు మాత్రం అందరికీ తెలుసు.

అలాంటప్పుడు కొరత ఎందుకొచ్చింది? ఏడాదికి కొద్దిమందికి పడే జబ్బు రెండు నెలల్లో వేలమందిని పట్టుకుంటే ఏ దేశమైనా తడబడుతుంది. దానికి ఎవరినీ తప్పుపట్టను. కానీ తర్వాత జరిగింది చూడండి. అప్పటికే చేస్తున్న కంపెనీలకు తోడు మే నెలలోనే కేంద్రం మరో ఐదింటికి అనుమతి ఇచ్చింది, వాటిలో మన హైదరాబాద్ నాట్కో కూడా ఉంది. జూన్ 12న జీఎస్టీ కౌన్సిల్ ఈ మందు మీద పన్ను సున్నా చేసింది. స్టాకే లేని మందు మీద పన్ను ఎంతయితేనేం అనుకున్నాం మేము. లైసెన్సు కాగితం ఒక్కరోజులో వస్తుంది. ఆ బుడగ గోడ కట్టే హైడ్రోజనేటెడ్ సోయా ఫాస్ఫాటిడైల్‌కోలీన్, డీఎస్‌పీజీ అనే కొవ్వులు ఒక్కరోజులో రావు. ఇంజెక్షన్‌కు పనికొచ్చే శుద్ధితో వాటిని చేసేవాళ్లు ప్రపంచంలోనే కొద్దిమంది. కంపెనీలు ఉన్నాయి, డబ్బు ఉంది. నాలుగు చుక్కల కొవ్వు చాలక పని నెమ్మదించింది.

ఇక్కడే మిమ్మల్ని నిలదీసి అడగాలనిపిస్తోంది. 2007లో నానో పరిశోధన కోసం కేంద్రం నానో మిషన్ మొదలుపెట్టినప్పుడు ఐదేళ్లకు 1,000 కోట్లు కేటాయించారు. సి.ఎన్.ఆర్. రావు గారి లాంటి పెద్దలు దాన్ని నడిపించారు. దానివల్ల పరికరాలు వచ్చాయి, విద్యార్థులు తయారయ్యారు, పరిశోధన పత్రాల సంఖ్యలో దేశం ముందు వరసకు వచ్చింది. సంతోషమే. అయితే అన్నేళ్లలో మందు నాణ్యత గల కొవ్వును ఇక్కడే కిలోల లెక్కన చేయడం అనే సమస్య పరిశోధన అనిపించుకోలేదు. ఎవరికీ దాని మీద పీహెచ్‌డీ ఇవ్వరు. పెద్ద జర్నల్ దాన్ని వేసుకోదు. 'ఇది ఇంజనీరింగ్, సైన్స్ కాదు' అంటారు. ఆ ఇంజనీరింగే 2021లో కళ్లు పోవడానికీ పోకపోవడానికీ తేడా అయింది. రూపకంగా అనడం లేదు. బ్లాక్ ఫంగస్‌లో నిజంగానే కన్ను తీసేస్తారు.

ఇదే మందుతో ముడిపడిన ఇంకో కథ ఉంది, ఇది బిహార్‌ది. కాలా అజార్ జ్వరం అక్కడి పల్లెల్లో బీదవాళ్ల జబ్బు, ఇసుక ఈగ కుట్టి వస్తుంది. ముజఫర్‌పూర్‌లో డాక్టర్ శ్యామ్ సుందర్ బృందం చేసిన పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. 412 మంది రోగులు. కొందరికి మామూలు యాంఫోటెరిసిన్ రోజు విడిచి రోజు 15 సార్లు ఎక్కించారు, అందుకు 29 రోజులు ఆసుపత్రిలో పడుకోవాలి. మిగతావాళ్లకు లైపోజోమ్ రూపంలో కిలోకు 10 మిల్లీగ్రాములు, ఒకే ఒక్కసారి. ఆరు నెలల తర్వాత చూస్తే మామూలు మందుతో నయమైనవాళ్లు 96.3 శాతం, లైపోజోమ్ మందుతో 95.7 శాతం.

ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడమని ప్రతి నానో పరిశోధకుణ్ణీ బతిమాలుకోవాలనిపిస్తుంది. నయమయ్యే శాతం పెరగలేదు, ఒక పిసరు తగ్గింది కూడా. ప్రెస్‌నోట్ రాసేవాడికి ఇందులో వార్త లేదు. కానీ దినకూలీ మనిషి నెలరోజులు మంచం పట్టే చోట ఒక్కరోజులో ఇంటికి వెళ్లిపోయాడు. మంచం ఇంకొకరికి ఖాళీ అయింది. నానో మందు గొప్పతనం చాలాసార్లు ఇలాంటి చోటే ఉంటుంది, 'అద్భుత నివారణ'లో కాదు. 2014 నుంచి మన దేశ కార్యక్రమంలో ఈ ఒక్క డోసు పద్ధతే ముందుకొచ్చింది. అయితే ఆ మందు ఎక్కడిది? 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంబిసోమ్ చేసే గిలియడ్ కంపెనీతో మాట్లాడి బీద దేశాల కోసం సీసా ధర 18 డాలర్లకు తగ్గించింది. 2011 నుంచి ఆ కంపెనీ సంస్థ ద్వారా లక్షల సీసాలు ఉచితంగా ఇస్తూ వచ్చింది. దాతకు దణ్ణం పెడదాం. లైపోజోమ్ చేయడం తెలిసిన దేశం, ప్రపంచానికి జెనెరిక్ మందులు పంపే దేశం, తన బిహార్ కూలీ మందు కోసం విరాళం మీద ఆధారపడటం గురించి మాత్రం మీరూ నేనూ కాస్త సిగ్గుపడాలి.

చేతకాక కాదు అన్నాను కదా, దానికి ఇంకో సాక్ష్యం. డాక్సిల్ అనే క్యాన్సర్ మందు మీకు కొట్టినపిండే. డాక్సోరూబిసిన్ అనే పాత క్యాన్సర్ మందును లైపోజోమ్‌లో పెట్టారు, 1995లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. గుండెకు తగిలే దెబ్బ తగ్గింది. బదులుగా అరచేతులు, అరికాళ్లు మండి పొలుసులు ఊడే బాధ వచ్చింది, ఏ బండికైనా దాని కుదుపు దానికుంటుంది. ఆ మందును ఒహాయోలోని ఒకే ఒక్క ఫ్యాక్టరీ కాంట్రాక్టు మీద తయారుచేసేది. 2011లో అక్కడ పని నిలిచిపోయేసరికి అమెరికాలోనే రోగులకు మందు లేకుండా పోయింది. 2012 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ దిక్కుతోచక మన సన్ ఫార్మా చేసే లైపోడాక్స్‌ను తాత్కాలికంగా దిగుమతి చేసుకోనిచ్చింది. మరుసటి ఏడాది సన్ ఫార్మా చేసే డాక్సిల్ జెనెరిక్‌కు పూర్తి అనుమతి ఇచ్చింది. నానో మందుకు ఒక్క ఫ్యాక్టరీని, ఒక్క ముడిసరుకును నమ్ముకుంటే ఏమవుతుందో అమెరికాకు 2011లో తెలిసింది. ఆ పాఠంలో మనం గట్టెక్కించినవాళ్లం. అదే పాఠాన్ని పదేళ్ల తర్వాత మన ఇంట్లో మనమే ఎందుకు చదవాల్సి వచ్చింది?

కొత్త నానో కణాల మీద నాకు కోపం లేదు. అవి అక్కర్లేదనేవాడు మూర్ఖుడు. 2018లో పటిసిరాన్ అనే మందు వచ్చే దాకా, ఆర్‌ఎన్‌ఏను కొవ్వు కణంలో పెట్టి కాలేయానికి పంపే పని ఎందుకని నవ్వినవాళ్లున్నారు. వాంకూవర్‌లో పీటర్ కల్లిస్ లాంటివాళ్లు ఆ కొవ్వుల మీద దశాబ్దాల పాటు విసుగులేకుండా పనిచేశారు. ఆ పని ఉండబట్టే 2020 డిసెంబరులో ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు అంత తొందరగా భుజాల్లోకి దిగాయి. ఇక్కడా తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో లైపోజోముల మీద చాలా ఏళ్లుగా పని జరిగింది. 2022లో హైదరాబాద్ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ దేశీయ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా పరిజ్ఞానాన్ని ప్రకటించింది, పుణె జెన్నోవా టీకాకు అదే ఏడాది అత్యవసర అనుమతి వచ్చింది. గర్వంగానే ఉంది. నా బాధల్లా, ఆ కల్లిస్ లాంటి ఓపిక పనికి మన నిధుల దరఖాస్తులో గడి లేకపోవడం.

మరి దేనికి గడి ఉంది? 'వినూత్నత'కు ఉంది. కాబట్టి ప్రతి విద్యార్థీ కొత్త కణం చేస్తాడు. పసుపులోని కర్క్యుమిన్‌ను ఇవాళ కైటోసాన్‌లో, రేపు సిలికాలో, ఎల్లుండి బంగారంలో. ఎలుకకు ఇస్తాడు, గడ్డ కరుగుతుంది, పత్రం అచ్చవుతుంది, కణం అక్కడే ఆగిపోతుంది. ఎలుక తొడ మీద రెండు మూడు వారాల్లో పెంచిన గడ్డ రక్తనాళాలు చిల్లులతో ఉంటాయి, కణాలు సులువుగా దూరతాయి. మనిషి గడ్డ ఏళ్ల తరబడి పెరిగింది, ఒక్కో రోగిలో ఒక్కోలా ఉంటుంది. టొరంటోలో వారెన్ చాన్ బృందం 2016లో అంతకుముందు పదేళ్ల పరిశోధనలన్నీ పోగేసి లెక్కవేసింది. ఎలుకల్లో కూడా, ఎక్కించిన కణాల్లో గడ్డ దాకా చేరుతున్నది మధ్యస్థ విలువ (మీడియన్) ప్రకారం 0.7 శాతమే అని తేలింది. మిగతాదంతా ఎక్కువగా కాలేయం, ప్లీహం పాలవుతోంది. అదే ఏడాది, పెద్ద పెద్ద పేర్లున్న ల్యాబుల నుంచి పుట్టి, గడ్డను గురిచూసి కొట్టే కణం చేస్తామన్న బైండ్ థెరప్యూటిక్స్ అనే అమెరికా కంపెనీ దివాలా తీసింది. నాకు తెలిసినంతలో ఆ 0.7 అంకె ఈ రంగంలో వచ్చిన అతి విలువైన ఫలితాల్లో ఒకటి, ఎందుకంటే అది చేదు మాట. మన దేశంలో ఫలించని నానో ప్రయోగాలు ఎక్కడ అచ్చవుతున్నాయి? ఒకే కణాన్ని నాలుగు ల్యాబులు విడివిడిగా చేసి చూసి 'మాకు రాలేదు' అని చెప్పే ఏర్పాటు ఎక్కడుంది?

జబ్బు కనిపెట్టే పరికరాల మాటకొస్తే, నిజంగా జనంలోకి వెళ్లిన నానో పరికరం ఏదో మీకు చెప్పనక్కర్లేదు. గర్భం పరీక్ష చేసే కార్డు. దాని మీద వచ్చే ఎర్ర గీత బంగారమే. ఇరవై నుంచి నలభై నానోమీటర్ల బంగారు రేణువులు ఎర్రగా కనిపిస్తాయి, వాటికి యాంటీబాడీ అంటించి కాగితం మీద పాకనిస్తారు. అదే కిటుకుతో మలేరియా కిట్, డెంగీ కార్డు, కోవిడ్ ర్యాపిడ్ టెస్టు. పాడేరు ఏజెన్సీలో ఆశా కార్యకర్త సంచిలో మలేరియా కిట్ ఉంటుంది. ఆమెకు కరెంటు అక్కర్లేదు, మైక్రోస్కోపు అక్కర్లేదు, కావలసింది వేలి నుంచి ఒక చుక్క రక్తం, ఓ పావుగంట ఓపిక. ఎండలో కొండెక్కినా ఆ కాగితం పనిచేయాలి. ఆ కాగితాన్ని తయారుచేసినవాళ్లకు పురస్కారాలు వచ్చినట్టు నేనైతే వినలేదు.

దాని లోపాలూ మాకు తెలుసు. 2020 జూన్ 14న ఐసీఎంఆర్ మొదటి కోవిడ్ యాంటిజెన్ కిట్‌కు అనుమతి ఇస్తూ, పరీక్షల్లో దాని సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో ఎంతమందిని పట్టిందన్న లెక్క) 50.6 నుంచి 84 శాతం మధ్య వచ్చిందని దాచకుండా చెప్పింది. లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయించమంది. ఆ నిజాయితీ ఉంది కాబట్టే దాన్ని ఎలా వాడాలో మాకు తెలిసింది. మీ కొత్త సెన్సర్ల పత్రాల్లో 'ఇంత తక్కువ మోతాదును కూడా పట్టేస్తుంది' అనే వాక్యం తప్పనిసరిగా ఉంటుంది. ఎక్కడ పట్టింది? తేటనీళ్లలాంటి బఫర్ ద్రావణంలో. రోగి రక్తంలో దిగగానే రకరకాల ప్రొటీన్లు వచ్చి ఆ కణాన్ని కప్పేస్తాయి, కణం తన పనే మర్చిపోతుంది. ఆ మాట ఉంటే గింటే ఆఖరి పేరాలో 'భవిష్యత్తులో పరిశీలిస్తాం' అని ఉంటుంది. ఆ భవిష్యత్తు వచ్చేలోపు విద్యార్థి పీహెచ్‌డీ ముగించి పోస్ట్‌డాక్ పరిశోధనకు వేరే చోటికి వెళ్లిపోతాడు.

పనిలో పనిగా ఇంకో చిరాకు. 'నానో' స్టిక్కరు. మాస్కు మీద నానో, నీళ్ల ఫిల్టరు మీద నానో, టూత్‌పేస్టు మీద నానో. మన ఆయుర్వేద భస్మాలు అప్పట్లోనే నానో మందులంటూ సభల్లో ఉపన్యాసాలు. చిన్నగా ఉన్నంత మాత్రాన మందు అయిపోతే పొయ్యి పొగ కూడా మందే. కణం సైజు ప్రతి బ్యాచిలో ఒకేలా ఉందా, ఎక్కడికి వెళుతోంది, ఎక్కడ పేరుకుంటోంది, ఎప్పుడు బయటికి పోతోంది, ఇవి చెప్పగలిగితేనే అది వైద్యం. ఈ స్టిక్కర్ల మీద శాస్త్రవేత్తలు నోరు విప్పకపోతే జనం రేపు అసలైన నానో మందును కూడా ఆ గాటనే కట్టేస్తారు.

ఇక భద్రత. ఫెరుమాక్సిటాల్ అనే ఐరన్ ఆక్సైడ్ నానో కణాన్ని కిడ్నీ రోగుల్లో రక్తహీనతకు 2009లో అనుమతించారు. ఆరేళ్లు వాడాక ప్రాణాంతకమైన ఎలర్జీలు బయటపడి 2015లో ఎఫ్‌డీఏ దాని మీద అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. నానో మందు వార్డులోకి వచ్చిన తర్వాత కూడా పరిశోధన సాగుతూనే ఉండాలని దీని అర్థం. మా దగ్గర పరిస్థితి ఏమిటంటే, చీటీ మీద 'ఇంజ్. యాంఫో బి' అని మాత్రమే రాసి ఉంటుంది. మామూలుదా, ఎమల్షనా, లైపోజోమ్‌దా? మామూలుది కిలోకు 1 మిల్లీగ్రాము ఇస్తారు. లైపోజోమ్ మోతాదు మామూలు సీసాతో ఇస్తే ప్రాణం పోవచ్చు. కొరత రోజుల్లో ఒకటి లేక ఇంకోటి వాడాల్సి వచ్చినప్పుడు ప్రతి చీటీకి ఫోన్ చేసి అడిగేవాళ్లం, తిట్లు కూడా తిన్నాం. పెట్టె మీద మందు పేరెంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో దాని రూపం కూడా అంతే పెద్దగా ఉండాలని నిబంధన పెట్టడానికి పైసా ఖర్చులేదు.

2019 అక్టోబరులో డీబీటీ, ఆరోగ్య శాఖ కలిసి నానో మందుల మూల్యాంకనానికి మార్గదర్శకాలు విడుదల చేశారు. చదివాను, బాగున్నాయి. మామూలు మందు ఉండగా నానో రూపం ఎందుకు, దానివల్ల లాభమేమిటి అన్న ప్రశ్న అందులో ఉంది. కానీ ఆ ప్రశ్న అనుమతి కోసం వచ్చినప్పుడు అడుగుతున్నారు. అప్పటికి పదేళ్లు, కోట్లు అయిపోయి ఉంటాయి. అదే ప్రశ్న నిధుల దరఖాస్తు మొదటి పేజీలో అడగండి. ఏ రోగికి? ఇప్పుడు అతనికి ఇస్తున్నదేమిటి, దాంతో ఇబ్బందేమిటి? మీ కణంలో వాడే ముడిసరుకుల్లో ఇక్కడ దొరికేవేవి, ఒకే దేశం నుంచి వచ్చేవేవి? విజయవాడ మే నెల ఎండలో, కరెంటు నాలుగు గంటలు పోతే ఇది చెడిపోతుందా? సమాధానాలు పరిపూర్ణంగా ఉండక్కర్లేదు, ఆలోచించారని తెలిస్తే చాలు.

అమెరికాలో జాతీయ క్యాన్సర్ సంస్థ 2004లో ఫ్రెడరిక్‌లో ఒక పరీక్షాలయం పెట్టింది. దరఖాస్తుల్లో ఎంపికైన నానో కణాల్ని తీసుకుని సైజు, శుద్ధత, విషగుణం అన్నీ ఉచితంగా పరీక్షించి చెబుతూ వచ్చింది. అక్కడికి వచ్చిన నమూనాల్లో చాలావాటిలో ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషపదార్థపు కల్తీ బయటపడింది. అంటే 'మా కణం రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టింది' అనుకున్న ఫలితం కొన్నిసార్లు ల్యాబు మురికి వల్ల వచ్చిందన్నమాట. ఎలుకల దాకా వెళ్లే ప్రతి ప్రాజెక్టూ ముందుగా అలాంటి ఒక బయటి పరీక్ష దాటాలని మీరు నియమం పెట్టొచ్చు. హైదరాబాద్‌లో మందుల కంపెనీలు, సీసీఎంబీ, ఐఐసీటీ, ఫార్మసీ విద్యాసంస్థ నైపర్ అన్నీ ఊళ్లోనే ఉన్నాయి. అలాంటి పరీక్షాలయానికి అంతకన్నా అనువైన ఊరు నాకైతే తోచడం లేదు. తెలుగువాణ్ణి కాబట్టి అంటున్నాననుకున్నా ఫరవాలేదు.

కొవ్వుల విషయం మళ్లీ చెబుతాను, విసుక్కోకండి. మందు నాణ్యత గల ఫాస్ఫోలిపిడ్లు, ఎంఆర్‌ఎన్‌ఏకు కావలసిన అయనైజబుల్ లిపిడ్లు ఇక్కడే చేయడాన్ని ఒక పరిశోధన పిలుపుగా ప్రకటించండి. దాని మీద పనిచేసిన పిల్లకు పీహెచ్‌డీ ఇవ్వండి. పత్రాల లెక్కకు బదులు 'ఇన్ని కిలోలు, ఇన్ని బ్యాచులు, ఇంత శుద్ధి' అని ఆమె ప్రగతి నివేదిక రాయనివ్వండి. దేశంలో కనీసం ఆరు నెలల వాడకానికి సరిపడా ఈ కొవ్వుల నిల్వ ఎవరి బాధ్యతో ఒక శాఖ పేరు రాసిపెట్టండి. బ్లాక్ ఫంగస్ మళ్లీ రాకపోవచ్చు. షుగరు రోగులు మాత్రం తగ్గడం లేదు.

చివరిగా ఒక మనవి, ఇది పరిశోధకులకు. నానో వైద్యంలో పీహెచ్‌డీ చేస్తున్న మీ విద్యార్థుల్ని రెండో ఏడాదిలో ఒక వారం ఏదైనా జిల్లా ఆసుపత్రి మందుల స్టోరుకు పంపండి. మా దగ్గరికైనా పంపండి, పై అధికారుల అనుమతి తెచ్చే పూచీ నాది. ఏసీ గది, భోజనం హామీ ఇవ్వలేను గానీ ఫ్రిజ్ ఉష్ణోగ్రతల పుస్తకం చూపిస్తాం, సీసా కలపడం నేర్పిస్తాం, ఇండెంటు ఎలా పెడతారో, ఎందులో ఎంత కోత పడుతుందో చూపిస్తాం. సాయంత్రం క్యాన్సర్ వార్డులో నర్సమ్మతో పాటు ఒక రౌండు తిరగనిస్తాం. వాళ్లు తమ కణం గురించి అడిగే ప్రశ్నలు ఆ తర్వాత మారతాయో లేదో మీరే చూడండి. వచ్చే జూన్ నుంచి ఎప్పుడైనా సరే, ఒక నెల ముందు ఉత్తరం రాస్తే చాలు.

ఇట్లు,
ఒక ఆసుపత్రి ఫార్మసిస్టు